రహెబోతు బావి: కరువు సీమలో ఫాదర్ ఫెర్రర్

ఈ దినము మనము ఒక సేవకుని జీవిత చరిత్రను ధ్యానించబోతున్నాము. దానికి ముందు మీ చేతిలో ఉన్న బైబిలు తెరచి ఆదికాండము 26వ అధ్యాయము దగ్గర వ్రేలు పెట్టుకొని ఉంచండి. మనము మళ్ళీ మళ్ళీ అక్కడికే వస్తాము.

ఆ అధ్యాయము కరువుతో మొదలవుతుంది. తండ్రియైన అబ్రాహాము ఒక కరువును చూచాడు, కొడుకైన ఇస్సాకు ఇంకొక కరువును చూచాడు. కరువు కాలములోనే ఇస్సాకు గెరారులో విత్తనము వేశాడు, దేవుడు ఆ పంటను దీవించాడు. ఓర్వలేని ఫిలిష్తీయులు అతని తండ్రి నాటి బావులను మన్ను పోసి పూడ్చారు. రాజైన అబీమెలెకు అతనిని ఆ ఊరు విడిచి పొమ్మన్నాడు. ఇస్సాకు కత్తి దూయలేదు. లోయలోకి వెళ్ళి గుడారము వేసుకొని, పూడిపోయిన బావులను మళ్ళీ త్రవ్వించాడు. క్రొత్తగా త్రవ్విన మొదటి బావి దగ్గర జగడము వచ్చింది, దాని పేరు ఏశెకు. రెండవ బావి దగ్గర పగ వచ్చింది, దాని పేరు శిత్నా. అక్కడ నుండి కూడా కదలిపోయి మూడవ బావి త్రవ్వాడు. దాని కోసము ఎవరూ జగడమాడలేదు. ఆ బావికి రహెబోతు అని పేరు పెట్టాడు. అంటే ఎడము, విశాలమైన చోటు.

ప్రియులారా, ఈ మూడు బావుల కథ మన రాయలసీమలో, అనంతపురం నేల మీద మరల జరిగింది. ఆ సంగతే ఈ దినము చెప్పాలని ఆశపడుతున్నాను.

నేల సంగతి

అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి జిల్లా నుండి విడిపడి ఏర్పడింది. ఇక్కడ సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురుస్తుంది. కారణము ఏమిటి? నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలను దాటేసరికి తమ నీటిని అక్కడే కుమ్మరించి వస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపి ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతాయి. ఇటు వాన, అటు వాన, మధ్యలో మనము. ఎర్ర నేల పలుచన, దాని క్రింద రాయి. పెన్నా, వేదావతి నదులు ఉన్నాయిగాని ఏడాదిలో ఎక్కువ నెలలు వాటిలో కనిపించేది ఇసుకే.

1876, 77 సంవత్సరాలలో వచ్చిన ధాత కరువును గురించి మన తాతల తాతలు కథలుగా చెప్పుకొన్నారు. 1950ల మొదట్లో వచ్చిన కరువులో ఊరూరా గంజి కేంద్రాలు పెట్టారు. ఇక్కడ చెరువు గట్టు నిలవడము ప్రాణముతో సమానము. అందుకే బుక్కరాయసముద్రము చెరువు కట్ట తెగకుండా ఊరి కోసము తన్ను తాను అర్పించుకొన్న ముసలమ్మ అనే కోడలి కథ ఈ ప్రాంతములో తరతరాలుగా నిలిచింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు దానినే కావ్యముగా వ్రాశారు. ఒకరు చనిపోతే ఊరు బ్రతికింది అనే మాట ఈ నేలకు క్రొత్తది కాదు. సువార్త ఇక్కడికి వచ్చినప్పుడు ఆ మాట వినడానికి చెవులు సిద్ధముగానే ఉన్నాయి.

సువార్త కూడా ఆలస్యముగా ఏమీ రాలేదు. లండన్ మిషన్ వారు 1810లోనే బళ్ళారిలో పని మొదలుపెట్టారు. పందొమ్మిదవ శతాబ్దము చివరికి గుత్తి కేంద్రముగా ఈ పల్లెలలో తిరిగి బోధించారు. ఆ సంఘాలు 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో కలిశాయి. కతోలిక సంఘము విషయానికి వస్తే, 1967లో కర్నూలు మేత్రాసనము ఏర్పడింది, అనంతపురం దానిలో భాగమైంది. ఇంతమంది విత్తిన చోటికి 1969లో ఇంకొక విత్తువాడు వచ్చాడు. ఆయన వచ్చింది గౌరవముగా సాగనంపబడి కాదు. ఒక చోట నుండి పొమ్మనిపించుకొని వచ్చాడు. ఆయన పేరు విన్సెంట్ ఫెర్రర్. జిల్లా ప్రజలకు మాత్రము ఆయన ఎప్పుడూ ఫాదర్ ఫెర్రరే.

ముళ్ళకంచె వెనుక ఒక యువకుడు

విన్సెంట్ ఫెర్రర్ 1920 ఏప్రిల్ 9న స్పెయిన్ దేశములోని బార్సిలోనాలో జన్మించారు. ఆయనకు పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి ఆ దేశములో అన్నదమ్ములే ఒకరినొకరు చంపుకొనే అంతర్యుద్ధము నడుస్తున్నది. 1938లో ఆయనను సైన్యములోకి పిలిచారు. ఎబ్రో నది దగ్గర జరిగిన భయంకరమైన పోరాటాన్ని ఆ పసి వయస్సులో కళ్ళారా చూచారు. ఓడిపోయిన పక్షముతో కలిసి సరిహద్దు దాటి ఫ్రాన్సుకు వెళితే, అక్కడ ఆర్జెలెస్ అనే ఊరి సముద్రపు ఒడ్డున, ఇసుకలో, ముళ్ళకంచె మధ్య శరణార్థిగా ఉంచారు. తిరిగి స్వదేశము వస్తే అక్కడ కూడా నిర్బంధ శిబిరమే.

ఒక్క క్షణము ఆలోచించండి. ఆకలి అంటే ఏమిటో, ఎవరూ తనను కోరుకోకపోవడము అంటే ఏమిటో, దేవుడు ఆయనకు పుస్తకాలలో నేర్పించలేదు. మోషేకు మిద్యాను అరణ్యము ఉన్నట్లే ఈయనకు ఆ ఇసుక తిన్నెలు ఉన్నాయి.

యుద్ధము తరువాత న్యాయశాస్త్రము చదవడము మొదలుపెట్టి, దానిని విడిచి, 1944లో యేసుసభలో చేరారు. 1952 ఫిబ్రవరిలో బొంబాయి రేవులో దిగారు. అప్పటికి ఆయనకు ముప్పై రెండవ ఏడు నడుస్తున్నది. మిగిలిన జీవితమంతా, అంటే యాభై ఏడు సంవత్సరాలు, ఈ దేశానికే చెందింది.

మొదటి బావి: మన్మాడు

ఆయన సేవకు పంపబడిన చోటు మన్మాడు. మహారాష్ట్రలో నాసిక్ జిల్లాలో ఉన్న చిన్న పట్టణము. మన దగ్గర గుంతకల్లు ఎటువంటిదో అక్కడ మన్మాడు అటువంటిది. పెద్ద రైలు జంక్షను, చుట్టూ మెట్ట పొలాలు, అప్పుల్లో ఉన్న రైతులు. రైళ్ళు ఎన్నో ఆగుతాయి. దిగి ఆ ఊరి సంగతి అడిగేవారు తక్కువ.

ఒక చిన్న పట్టణపు గురువు అక్కడ ఏమి చేయగలడు? పూజ చేయవచ్చు, జ్ఞానస్నానాలు ఇవ్వవచ్చు, బడి నడపవచ్చు. ఫాదర్ ఫెర్రర్ వీటితో ఆగలేదు. పొలాల వెంట నడిచారు. ఆయనకు కనిపించింది ఏమిటంటే, నేల ఉన్నది, రైతు ఉన్నాడు, రెక్కల కష్టము ఉన్నది. మధ్యలో లేనిది నీరు. బావి తవ్వుకొందామంటే అన్ని నెలలు కూలి మానుకొని ఇంటిల్లిపాది ఏమి తినాలి? అప్పు తెద్దామంటే వడ్డీ వ్యాపారి పొలమే వ్రాయించుకొంటాడు.

అప్పుడు ఆయన చేసిన పని చాలా చిన్నది, చాలా తెలివైనది. బావి తవ్వుకొనే రైతుకు తవ్వకము సాగినన్నాళ్ళు గోధుమలు, నూనె ఇచ్చారు. అంటే రైతు తన బావిని తానే తవ్వుకొంటాడు, ఆ తవ్వే దినములలో ఇంట్లో పొయ్యి మాత్రము ఆరిపోదు. గమనించండి, ఆయన బావిని దానము చేయలేదు. బావి తవ్వుకొనే ఓపికకు ఆసరా ఇచ్చారు. చెమట రైతుది, కనుక బావి కూడా రైతుదే. వ్యవసాయము తెలిసిన ఇస్సాకు సేవకులు కూడా ఇలాగే తమ చేతులతో తవ్వి ఉంటారు గదా!

ఏశెకు, శిత్నా

నీరు పడిన చోట ఏమి జరుగుతుందో ఆదికాండము ముందే చెప్పింది. పేదవాడి పొలములో నీరు పడితే వడ్డీకి ఇచ్చేవాడికి పని తగ్గుతుంది. కూలికి వచ్చేవాడు తన చేను తానే చూచుకొంటాడు. ఆయన పేరు వ్యాపించిన కొద్దీ అనుమానాలు కూడా వ్యాపించాయి. ఇతడు విదేశీయుడు, ఇతని వెనుక ఎవరున్నారు, సేవ పేరుతో మతము మారుస్తున్నాడా అనే ప్రశ్నలు లేచాయి. చివరకు 1968లో ఆయన దేశము విడిచి పోవాలని ఉత్తర్వు వచ్చింది.

అప్పుడు ఆ రైతులు ఏమి చేశారు? దాదాపు 30,000 మంది మన్మాడు నుండి బొంబాయి వరకు సుమారు 250 కిలోమీటర్లు నడిచి వెళ్ళారని ఆయన జీవిత చరిత్ర చెబుతున్నది. వారిలో అత్యధికులు క్రైస్తవులు కారు. తమ గుడికి వెళ్ళేవారు, తమ దేవుళ్ళకు మ్రొక్కేవారు. అయినా ఈ తెల్లని అంగీ వేసుకొన్న గురువును తమవాడని చెప్పడానికి కాళ్ళు బొబ్బలెక్కేలా నడిచారు. సంగతి ప్రధాని ఇందిరాగాంధీ గారి వరకు వెళ్ళింది. కొంతకాలము విదేశానికి వెళ్ళి రావచ్చునని, తిరిగి భారతదేశములో ఆయనకు స్వాగతమేనని ఆమె నుండి సమాధానము వచ్చింది.

శ్రోతలారా, ఒక సేవకుని పని నిజమైనదో కాదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కొలత నాకు తెలియదు. మనలను పొమ్మన్న దినమున మన కోసము ఎవరు నడుస్తారు? మన సంఘ సభ్యులు నడుస్తారా? మన సంఘము బయటివారు, మన చర్చి గోడ అవతలి ఇంటివారు ఒక్క అడుగైనా వేస్తారా? ఈ ప్రశ్నను మీ హృదయములో ఉంచుకోండి.

గోడ మీద మాట

1969లో ఆయన తిరిగి వచ్చారు. మహారాష్ట్రకు వెళ్ళడానికి వీలులేకపోయింది. ఆంధ్రప్రదేశ్ తలుపు తెరిచింది. అప్పుడు ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి గారు. కొద్దిమంది సహచరులతో ఆయన ఎంచుకొన్న జిల్లా, ఉన్నవాటిలో మెరుగైనది కాదు. మిగిలినవారు బదిలీ వస్తే ఏడ్చే అనంతపురం. ఆ సంవత్సరమే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, మనమందరము ఆర్.డి.టి. అని పిలిచే సంస్థ, మొదలైంది. వారు దిగిన ఇంటి గోడ మీద అద్భుతము కొరకు ఎదురు చూడమని ఒక మాట ఉండేదట. ఫెర్రర్ గారు ఆ మాటను జీవితాంతము గుర్తు చేసుకొనేవారు. అయితే ఆయన ఎదురు చూచిన విధానము చేతులు కట్టుకొని కూర్చొనేది కాదు. బావి లోపలికి దిగి ఎదురు చూచారు.

ఇక్కడ మనము ఒక కష్టమైన విషయము దగ్గరకు వస్తాము. దానిని దాటవేయడము నిజాయితీ కాదు. 1970లో ఆయన యేసుసభను విడిచారు. ఆ ఏప్రిల్ నెలలోనే, ఇంగ్లండు దేశస్థురాలు, బొంబాయిలో పాత్రికేయురాలిగా పని చేసిన అన్నె పెర్రీ గారిని వివాహము చేసుకొన్నారు. ఈమే తరువాత మన జిల్లాకంతటికీ అన్నె ఫెర్రర్ అమ్మగారు అయ్యారు. వారికి తార, మాంచో, యమున అనే పిల్లలు కలిగారు.

అభిషేకము పొందిన గురువు తన సభను విడిచి వెళ్ళడము కతోలిక విశ్వాసులకు తేలికైన సంగతి కాదు. ఈ కార్యక్రమము వినేవారిలో, ఈ పత్రిక చదివేవారిలో కొందరికి ఆయన పేరు ప్రసంగములో వినబడడమే ఇబ్బందిగా ఉండవచ్చు. మాట ఇచ్చి నిలబడడము గొప్ప సంగతి. మన పట్టణాలలో నలభై ఏళ్ళు ఒకే విచారణలో, ఒకే గదిలో, ఒంటరిగా జీవించి మాట నిలబెట్టుకొన్న గురువులు ఉన్నారు. వారిని తక్కువ చేసి ఈయనను ఎక్కువ చేయడము నా ఉద్దేశము కాదు. ఎవరి యజమానుని యెదుట వారు నిలుస్తారు. తీర్పు మనది కాదు.

అయినా ఒక్క విషయము చెప్పకుండా ఉండలేను. ఆయన అంగీ తీసివేశారు, సభను విడిచారు, కాని అనంతపురం ప్రజలు ఆయనను ఫాదర్ అని పిలవడము మానలేదు. ఆ బిరుదు ఇప్పుడు ఏ అధికారి ఇచ్చినది కాదు, ఏ అధికారి తీసివేయగలిగినదీ కాదు. కరువు పల్లెలో ఒక దళితవాడ ముసలాయన ఆయనను తండ్రీ అని పిలిచినప్పుడు, ఆ పిలుపుకు నియమావళి అడ్డము రాలేదు.

రహెబోతు: విశాలమైన చోటు

అనంతపురములో ఆయన పని మెల్లగా మొదలైంది. పరదేశి, తెలుగు రానివాడు, గురుత్వము విడిచినవాడు. ఎవరు నమ్ముతారు? అందుకే ఆయన ముందు నీటితోనే మొదలుపెట్టారు. బావులు, చెరువులు, వాన నీటిని ఆపే కట్టలు. ఆ తరువాత పిల్లల చదువు, ఆ తరువాత ఆరోగ్యము, ఆ తరువాత ఇళ్ళు. ఒకటి తరువాత ఒకటిగా వచ్చిన ఈ క్రమములో ఒక ధర్మము ఉన్నది. దాహముగా ఉన్నవాడికి మొదట నీళ్ళు ఇచ్చి తరువాత మాట్లాడాలి. సుఖారు బావి దగ్గర మన ప్రభువు కూడా సంభాషణను నీళ్ళతోనే మొదలుపెట్టారు గదా!

పల్లె బడులను చూడండి. దళితవాడ పిల్లవాడు ప్రభుత్వ బడికి వెళ్ళినా, సాయంత్రము ఇంటికి వస్తే చదువు చెప్పే అక్క గాని అన్న గాని ఇంట్లో ఉండరు. వాడి తరములోనే మొదటిసారి పలక పట్టుకొన్నవాడు. దానికి సమాధానముగా వాడలోనే అదనపు బడులు నడిపారు. బడికి ముందు, బడి తరువాత, ఆ వాడ పిల్లలనే కూర్చోబెట్టి చదివించారు. ఆ వరుసలో కూర్చొన్న పిల్లలలో ఎందరో తరువాత ఉపాధ్యాయులు, నర్సులు, ఇంజనీర్లు అయ్యారు.

ఇళ్ళను చూడండి. గుడిసెలో పుట్టి గుడిసెలో చనిపోయే కుటుంబాలకు పక్కా ఇల్లు కట్టి ఇచ్చేటప్పుడు ఆ ఇంటిని భార్య పేరు మీద వ్రాయించారు. ఇది చిన్న నిర్ణయములా కనిపిస్తుంది. కాని అక్కచెల్లెళ్ళారా, మీకు అర్థమవుతుంది. తాగి వచ్చిన భర్త బయటకు పొమ్మన్నప్పుడు, ఇల్లు తన పేరు మీద ఉన్న స్త్రీ ఎక్కడికీ పోనక్కరలేదు.

ఆస్పత్రులను చూడండి. బత్తలపల్లిలో, కళ్యాణదుర్గములో, కణేకల్లులో ఆస్పత్రులు లేచాయి. బత్తలపల్లి ఆస్పత్రి 2000లో తెరిచారు. హెచ్.ఐ.వి. సోకినవారిని బంధువులే గుమ్మము ఎక్కనివ్వని కాలములో వారిని అక్కడ చేర్చుకొని చూచారు. 2020లో కరోనా వచ్చినప్పుడు అదే ఆస్పత్రిని కోవిడ్ రోగుల సేవకు వాడారు. చూపు లేని, వినికిడి లేని, బుద్ధి ఎదగని పిల్లలకు ప్రత్యేకముగా బడులు, వసతి గృహాలు నడిపారు. పూర్వజన్మ పాపమని మూల కూర్చోబెట్టిన బిడ్డలను వీధిలోకి, ఆటస్థలములోకి తీసుకొని వచ్చారు. శ్రీశైలము అడవులలోని చెంచుల వరకు ఆ పని వెళ్ళింది.

డబ్బు ఎక్కడిది అని మీరు అడుగుతారు. స్పెయిన్ దేశములో సామాన్య కుటుంబాలు, నెలకు ఇంత అని, ఇక్కడి ఒక బిడ్డ పేరు పెట్టుకొని పంపారు. అటువంటి దాతలు లక్షకు పైగా ఉండేవారు. 1996లో బార్సిలోనాలో ఆయన పేరుతో ఒక సంస్థ కూడా ఏర్పడింది. 1998లో స్పెయిన్ దేశపు ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియాస్ పురస్కారము ఆయనకు, బంగ్లాదేశ్‌కు చెందిన మహమ్మద్ యూనస్ మొదలైనవారితో కలిపి ఇచ్చారు. ఒకప్పుడు ముళ్ళకంచెలో పెట్టిన దేశమే చివరకు సన్మానము చేసింది.

రెండు వైపుల నుండి రాళ్ళు

ఇంత చేసిన మనిషిని అందరూ మెచ్చుకొన్నారా? లేదు. బయటివారు కొందరు, ఇదంతా మతమార్పిడి కొరకే అన్నారు. లోపలివారు కొందరు, అంటే మనమే, ఇన్ని కోట్లు ఖర్చు చేసి ఒక్క చర్చి కట్టలేదు, ఒక్కరికైనా బాప్తిస్మము ఇవ్వలేదు, ఇది ఏమి మిషను అన్నాము. ఒకే మనిషిని ఒకరు మతము మార్చాడని, ఇంకొకరు మార్చలేదని నిందించారు!

ఆయన సంస్థ మతము బోధించే సంస్థ కాదు. ఏ కులమువాడైనా, ఏ మతమువాడైనా, ముందు అత్యంత పేదవాడు అన్నదే దాని లెక్క. మంచి పనిలోనే అన్నీ ఇమిడి ఉన్నాయని ఆయన నమ్మేవారు. ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. సువార్త చెప్పబడాలి, పేరు ఎత్తి చెప్పబడాలి. విశ్వాసము వినుట వలన కలుగుతుందని మనము నేర్చుకొన్నాము. కాని మంచి సమరయుని ఉపమానము ఒకసారి తెరచి చూడండి. గాయాలు కట్టి సత్రానికి తీసుకొని వెళ్ళిన తరువాత ఆ సమరయుడు ప్రసంగము చేశాడా? గాయపడినవాడు ఏ మందిరానికి వెళతాడని అడిగాడా? రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఎక్కువ ఖర్చయితే తిరిగి వచ్చి ఇస్తానన్నాడు. ప్రభువు అతనిని ఆదర్శముగా చూపించి, వెళ్ళి ఆలాగు చేయమన్నారు. ప్రసంగము తెలిసిన యాజకుడు, లేవీయుడు ఆ కథలో ఏ ప్రక్క నడిచారో మనకు తెలుసు.

ఇంకొక విమర్శ కూడా ఉన్నది, అది న్యాయమైనది. పరదేశము నుండి వచ్చే డబ్బు మీద ఇన్ని పల్లెలు ఆధారపడడము మంచిదా? ఒక మనిషిని దేవునిలా చూడడము మంచిదా? ఇన్ని బావులు తవ్వినా కరువు పోయిందా? పోలేదు. 1990ల నుండి సీమ రైతు పోటీపడి బోర్లు వేశాడు. వందల అడుగులు దించినా ఎండిపోయినవి ఎన్నో. లక్షల హెక్టార్లలో ఒకే పంటగా వేసిన వేరుశనగ, మనవారు శెనక్కాయ అంటారు, ఒక వాన తప్పితే చేతికి రాలేదు. అప్పుల వల్ల రైతులు ప్రాణాలు తీసుకొన్నారు, కుటుంబాలు బెంగళూరుకు వలస పోయాయి. ఒక్క మనిషి, ఒక్క సంస్థ ఒక నేల తలవ్రాతను మార్చలేవు. ఇస్సాకు కూడా కరువును ఆపలేదు. కరువులో బ్రతికే దారి తవ్వాడు.

అబీమెలెకు తిరిగి వచ్చిన దినము

2009 మార్చిలో ఫాదర్ ఫెర్రర్‌కు పక్షవాతము వచ్చింది. జూన్ 19న అనంతపురములోనే ప్రభువునందు నిద్రించారు. ఆయనకు ఎనభై తొమ్మిది సంవత్సరాలు. అందులో సరిగ్గా నలభై ఏళ్ళు మన జిల్లాలో గడిపారు. ఆయన దేహాన్ని బత్తలపల్లిలో, ఆస్పత్రి ఉన్న ఊరిలోనే సమాధి చేశారు. అనంతపురం నుండి కదిరి వెళ్ళే దారిలో ఉన్న ఆ ఊరు 2022లో జిల్లాల విభజన తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. కడసారి చూపు కోసము వేలాది మంది వరుస కట్టారు. తలపై ముసుగు వేసుకొన్న ముస్లిము తల్లులు, నుదుట బొట్టు పెట్టుకొన్న అమ్మలు, చేతికర్రలు పట్టుకొన్న వికలాంగులు.

ఇప్పుడు ఆదికాండము 26వ అధ్యాయము చివరికి రండి. ఇస్సాకును పొమ్మన్న అబీమెలెకే అతనిని వెదకుతూ వచ్చాడు. దేవుడు నీకు తోడుగా ఉండుట మేము చూచాము, మనము నిబంధన చేసుకొందాము అనే భావముతో మాట్లాడాడు. ఇస్సాకు పాత గాయాలు ఎత్తలేదు, విందు చేశాడు. గమనించండి, అబీమెలెకు ఇస్సాకు ప్రసంగము విని రాలేదు. చూచి వచ్చాడు. ఆ సమాధానము జరిగిన దినముననే ఇస్సాకు సేవకులు పరుగెత్తుకొని వచ్చి ఒక కబురు చెప్పారు. సీమలో బోరు వేసిన ఇంటికి వెళ్ళి మనము అడిగే మొదటి ప్రశ్నకు జవాబు అదే. నీళ్ళు పడినాయి!

మన సంగతి ఏమిటి?

ఈ మాటలు ముఖ్యముగా చిన్న పట్టణాలలో, పల్లెలలో సేవ చేసే గురువులకు, పాస్టరు గార్లకు చెప్పాలనుకొంటున్నాను. అయ్యా, మీకు పెద్ద చర్చి లేదు, వేదిక లేదు, మీ ఫోటో గోడల మీద అతికించేవారు లేరు. మన్మాడు గురువుకు కూడా మొదట ఏమీ లేదు. ఆయన చేసినది ఒక్కటే, తన విచారణ ఎల్లలలో ఉన్న పొలాల వెంట నడిచి, ఇక్కడ లేనిది ఏమిటి అని చూచారు. విచారణ అంటే సభ్యుల పట్టీ మాత్రమే కాదు. ఆ ఎల్లలలో ఊపిరి పీల్చే ప్రతివాడూ మీ బాధ్యతే. ఈ వారము మీరు మీ పట్టీలో లేని ఒక ఇంటికి వెళ్ళండి. కానుక అడగడానికి కాదు, ఆ ఇంట్లో ఏ బావి ఎండిపోయిందో తెలుసుకోవడానికి.

సంఘ పెద్దలకు ఒక మాట. మన చర్చి కాంపౌండులో బోరు ఉన్నది. వేసవిలో ప్రక్క వాడవారు బిందెలతో వస్తే గేటు తెరుస్తున్నామా? మన సమాధి స్థలములో, మన పెండ్లి సంబంధాలలో కులము గీత గీసుకొని, బయటికి మాత్రము ప్రేమను గురించి పాడుతున్నామా? ఫిలిష్తీయులు బావులను మన్నుతో పూడ్చారు. మనము వాటిని గర్వముతో పూడ్చకుండా చూచుకొందాము.

విశ్వాసులకు చివరగా ఒక సంగతి. ఫాదర్ ఫెర్రర్ తరువాత ఆయన కుమారుడు, సహచరులు ఇండియా ఫర్ ఇండియా అని ఒక పని మొదలుపెట్టారు. పల్లెలలో ఇంటింటా చిన్న హుండీలు పెట్టుకొన్నారు. ఒకప్పుడు పరదేశపు సహాయముతో ఇల్లు కట్టుకొన్న తల్లి, కూలి డబ్బులలో ఒక రూపాయి, రెండు రూపాయలు ఆ హుండీలో వేసింది, తనకంటే పేదవాని కోసము. పరదేశపు డబ్బు మీద ఆధారపడుతున్నారనే ఆ న్యాయమైన విమర్శకు జవాబు ఏ సభలోనూ చెప్పలేదు. ఆ తల్లి వేసిన రూపాయే జవాబు. మందిరములో రెండు కాసులు వేసిన విధవరాలిని చూచిన ప్రభువు, ఈ తల్లిని కూడా చూచి ఉంటారు. త్రాగినవాడు తిరిగి తవ్వేవాడైన దినమున ఆ బావి ఎండదు.

ప్రార్థన చేసుకొందాము. పరలోకమందున్న మా తండ్రీ, కరువు సీమలో నీ సేవకుల చేత నీవు తవ్వించిన ప్రతి బావి కొరకు నీకు స్తోత్రములు. పొమ్మనబడినప్పుడు పగ పట్టకుండా ముందుకు సాగే మనస్సు మాకు దయచేయుము. మా గుమ్మము ముందు దాహముతో నిలిచినవారిని గుర్తించే కన్నులు మాకిమ్ము. వాన కొరకు ఆకాశము వైపు చూచే ప్రతి రైతును, వలస వెళ్ళిన ప్రతి కుటుంబమును, ఒంటరిగా సేవ చేసే ప్రతి చిన్న ఊరి గురువును, పాస్టరును నీ కృపలో కాపాడుము. మమ్మును కూడా ఎవరికైనా రహెబోతుగా చేయుము. యేసుక్రీస్తు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.